మెత్తటి జొన్నరొట్టెలు

రత్నమాలకు షుగర్ ఉందని తేలినప్పుడు పంజాగుట్ట ఆసుపత్రిలో డాక్టరమ్మ మందులు రాసి, ఒక మాట గట్టిగా చెప్పింది. "తిండిలో పీచు పెంచండి. పీచు ఉంటే తిన్నది నెమ్మదిగా అరుగుతుంది, షుగర్ ఒక్కసారిగా పెరగదు. రాత్రిపూట అన్నం మాని జొన్నరొట్టె తినండి."

రత్నమాలది కాకినాడ వైపు. జొన్నరొట్టె చేయడం రాదు, తిన్నదీ తక్కువే. మధురానగర్‌లో వాళ్ల ఇంటి కింది వాటాలో ఉండే అరుణాదేవి అప్పటికే హాస్టళ్లకు రొట్టెలు చేసిస్తోంది. "మేం పుట్టినప్పటిసంది ఇవే తింటున్నం. నీకూ నేనే చేసిస్త, ఫికర్ చేయకు అక్కా," అంది.

ఆ రొట్టెలు మడిచినా విరిగేవి కావు. అది అరుణ చేతి చలవ అనుకుంది రత్నమాల. అమీర్‌పేటలో తన ఆఫీసు వాళ్లందరికీ చెప్పి కొనిపించింది.

మళ్లీ పరీక్ష చేయిస్తే షుగర్ ఇంకా పెరిగింది. "నిజం చెప్పండి, ఏం తింటున్నారు?" అని డాక్టరమ్మ అడిగితే రత్నమాలకు తల కొట్టేసినట్టయింది. తోడు వచ్చిన అరుణ ఆమె భుజం నిమిరింది. "జర నోరు కట్టుకో అక్కా," అంది.

రత్నమాల మామిడిపండు మానేసింది. ఆకలేస్తే ఇంకో రొట్టె తినేది.

ఒక ఆదివారం ఏదో పనిమీద కిందికి వెళ్తే అరుణ పిండి కలుపుతోంది. బేసిన్ నిండా మైదా. దానిమీద గుప్పెడు జొన్నపిండి.

"ఇదేంటి అరుణా?"

"ఉత్త జొన్నపిండితోని చేస్తే చల్లారినంక ఇరుగుతున్నయ్ అక్కా. హాస్టలోళ్లు మెత్తగ కావాలంటరు."

"నాకూ ఇవేనా?"

"నీ ఒక్కదానికి మళ్ల వేరే ఎట్ల కలపాలె?"

"ఆసుపత్రిలో నా పక్కనే కూర్చున్నావు. నన్నే నోరు కట్టుకోమన్నావు."

అరుణ తలెత్తలేదు. "అప్పుడు ఏం చెప్పాల్నో సమజ్ కాలే."

"నాలుగు దులిపేసి రాకపోయావా?" అన్నాడు భర్త చలపతిరావు సంగతి విని. మైదా పెట్టినందుకు కాదు రత్నమాల బాధ. తను దోషిలా తలదించుకున్నప్పుడు, నిజం తెలిసిన చెయ్యే తనను ఓదార్చింది.

మర్నాడు ఆఫీసులో ఒక్కొక్కరికీ సంగతి చెప్పింది. జొన్నలు పట్టించి, వేడినీళ్లతో కలిపి తనే రొట్టె తట్టింది. పెనం మీద వేసేసరికి అది రెండు ముక్కలైంది. ఆ ముక్కలే తోటకూర పప్పుతో నమిలి తిన్నది. నెలలు గడిచేసరికి షుగర్ దిగింది.

ఒక సాయంత్రం అరుణ తలుపు తట్టింది. "ఈసారి ఉత్త జొన్నలతోనే చేసిన అక్కా."

"వద్దండి," అంది రత్నమాల.

ఆ 'అండి' విని అరుణ రొట్టెల డబ్బాతో మెట్లు దిగి వెళ్లిపోయింది.