తిరుపాలమ్మ పేగులో నా కాపలా

నేను ఒక మాస్ట్ కణాన్ని. ఆ పేరెప్పుడూ వినలేదని మొహమాటపడకండి, నన్ను కడుపులో పెట్టుకుని తిరిగిన మనిషికే నా పేరు తెలియదు. ఇప్పుడు కర్నూలులో ఒక ల్యాబులో, గాజు పలక మీద ఊదారంగు పూసుకుని పడి ఉన్నాను.

పుట్టింది తిరుపాలమ్మ ఎముకల మూలుగలో. పసితనంలోనే రక్తంలో పడి ఒళ్లంతా తిరిగి, చివరికి ఆమె పెద్దపేగు గోడలో ఒక నరం పక్కన కాపురం పెట్టాను. బయటి కబుర్లన్నీ ఆ నరమే మోసుకొచ్చేది. తిరుపాలమ్మ బస్సు కండక్టరు. నంద్యాల నుంచి గిద్దలూరుకు, నల్లమల అడవి మధ్యగా పోయే బస్సు ఆమెది.

నా ఉద్యోగం కాపలా. నా నిండా చిన్న చిన్న సంచులు, వాటిలో ఘాటైన రసాయనాలు. ఏ పురుగో క్రిమో చొరబడితే సంచులు విప్పి కుమ్మరిస్తాను. గోడ ఎర్రబడి వాస్తుంది, మిగతా సైన్యం పరుగెత్తుకొస్తుంది. ఈ పనిలో నన్ను మించినవాడు లేడని కాస్త పొగరు కూడా ఉండేది.

ఒకసారి ఎవరి పెళ్లిలోనో పాడైన కుర్మా తిని తిరుపాలమ్మ మంచం పట్టింది. వారం తిరక్కుండా క్రిములను తరిమేశాం. శభాష్ అనిపించుకుని ఊరుకోవాల్సింది. ఊరుకుంటేనా! శత్రువు నిజంగా పోయాడంటే నాకు నమ్మకం కుదరలేదు. పాలు దిగినా శత్రువే, పప్పన్నం దిగినా శత్రువే. ఆమె కంగారుపడితే నరం అదిరేది, నరం అదిరితే నేను సంచులు విప్పేవాణ్ణి, నేను విప్పితే ఆమెకు కడుపులో మెలిపెట్టేది. దాంతో మళ్లీ కంగారు.

ఒకనాడు నడి అడవిలో బస్సు ఆపించి, నలభైమంది చూస్తుండగా నీళ్ల సీసా పట్టుకుని పొదల చాటుకు పరుగెత్తింది. తిరిగొచ్చి ఎవరి మొహమూ చూడకుండా టికెట్లు ఇచ్చింది. మర్నాటి నుంచి సెలవు పెట్టేసింది. ఒక డాక్టరు టెన్షన్ తగ్గించుకోమన్నాడు. పక్కింటావిడ దానిమ్మ తొక్కల కషాయం పోసింది. నాలుగు నెలలు గడిచాయి.

"ఇంగ బస్సెక్కే రాత నాకు లేదేమో," అని ఒక మధ్యాహ్నం ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. నాకు చచ్చేంత సిగ్గేసింది. అయినా పాడు అలవాటు, ఆ ఏడుపుకూ బెదిరి మరో రెండు సంచులు విప్పాను.

కర్నూలులో ప్రఫుల్ల అనే డాక్టరమ్మ పేగులోకి కెమెరా గొట్టం వేసి చూసి, పేగు గోడలోంచి గింజంత ముక్క తీసింది. ఆ ముక్కలో నేనున్నాను. ల్యాబులో మొదట వేసిన రంగుకు వాపు కనబడింది గాని మేము సరిగా కనబడలేదు. ఆవిడ వదిలితేనా? ఇంకో రంగు వేయించింది. అంతే, అడ్డంగా దొరికిపోయాం! ఉండాల్సినదానికి రెట్టింపుమందిమి.

వాపు తగ్గించే మందుతో పాటు మావాళ్లను శాంతింపజేసే మాత్ర కూడా ఇచ్చారు. రెండు నెలల తరువాత తిరుపాలమ్మ డ్యూటీకి పోవచ్చన్న కాగితం కోసం వచ్చింది. మనిషి ఒళ్లు చేసింది. డాక్టరమ్మ ఆమెను ల్యాబుకు తీసుకొచ్చి, మైక్రోస్కోపులో నన్ను చూపించింది.

"ఇదేనా మేడమ్? ఇంత కూడా లేదు గదా! దీని మూలంగానా నేను ఇంట్లో కూచునింది?"

"ఇది ఒక్కటే కాదులేమ్మా. కానీ దీని చెయ్యి చాలా ఉంది."

"అయితే వీటన్నిటినీ తీసి పారేయండి!"

నా గుండె, ఉంటే గింటే, ఆగిపోయేది.

"తీసేస్తే రేపు పురుగొస్తే ఎవరడ్డం పడతారు? గాయాలు మానడానికీ ఇవి కావాలి. చెడ్డవి కావమ్మా, బెదిరిపోయాయి, అంతే."

తిరుపాలమ్మ మళ్లీ వంగి నన్ను చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాను. కన్ను తీయకుండానే నవ్వింది.

"ఉండనీండి మేడమ్. తప్పు జేసినోళ్లనంతా దించేస్తే నా బస్సు ఖాళీగా పోవాల."

డాక్టరమ్మ పగలబడి నవ్వి, కాగితం మీద సంతకం పెట్టింది. సోమవారం ఉదయం తిరుపాలమ్మ గిద్దలూరు బస్సెక్కింది. ఆమెతో పాటు మావాళ్లు లక్షలమంది, టికెట్ లేకుండా, బుద్ధిగా నల్లమల దాటారు.