సంచిలో పన్నెండు పుటలు

అక్క పియానో వాయిస్తుంది, నేను పుటలు తిప్పుతాను. నలభై ఒక్కేళ్లుగా మా ఇద్దరి పనీ ఇదే. ఆవిడ పేరు పోస్టరు మీద ఉంటుంది, నా కుర్చీ స్టేజి మీద ఉంటుంది. పుటలు తిప్పేవాళ్లు మోగే నగలు పెట్టుకోకూడదు, సెంటు రాసుకోకూడదు, దగ్గకూడదు, చివర్లో చప్పట్లు కొడుతుంటే లేవకూడదు. ఎడమ పక్కన కూర్చుని, అక్క గడ్డం కాస్త కిందికి ఊపగానే లేచి, పై మూల పట్టుకుని పుట తిప్పి, మళ్లీ లేనట్టుగా కూర్చోవాలి. లేనట్టుగా ఉండటంలో నన్ను మించినవాళ్లు లేరని పత్రికలవాళ్లు రాయవలసింది. మరీ బాగా లేనట్టుగా ఉండేసరికి వాళ్లకి నేను కనపడలేదు.

నాకు వాయించడం రాదు, చదవడం వచ్చు. ఎవరూ నేర్పలేదు. అక్క వేళ్లనీ కాగితం మీది చుక్కలనీ మార్చి మార్చి చూస్తూ నేర్చుకున్నాను. నాకు చేతకానిదల్లా చివరి పుట. అక్కడ తిప్పడానికేమీ ఉండదు కనక, అక్క ముగిస్తున్నంతసేపూ పియానో మూత మీది దుమ్ము చూస్తూ కూర్చుంటాను. ఎవరినైనా రైలెక్కించడానికి వెళ్లినా అంతే. బండి కదలకముందే "పాలు పొయ్యి మీద పెట్టొచ్చాను" అని వచ్చేస్తాను. నాన్న వెళ్లినప్పుడూ ఆ మాటే, తమ్ముడు వెళ్లినప్పుడూ ఆ మాటే. ఆ పాలు ఎన్నేళ్లుగా కాగుతున్నాయో.

ఇలా ఉండగా అరవై ఎనిమిదో ఏట అక్కకి పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు మా పియానోని శ్రుతి చేసే ట్యూనరుగారు. ఏడాదికి రెండుసార్లు వచ్చే మనిషి వారానికోసారి రావడం మొదలుపెట్టినప్పుడే నేను అనుమానించవలసింది. పియానోకి తేమ తగులుతోంది కాబోలని కిటికీలు మూసుకుంటూ తిరిగాను. ఆయన ఇల్లు సముద్రం ఒడ్డున ఎక్కడో ఉంది.

"నువ్వూ వచ్చెయ్యవే," అంది అక్క.

"ఎన్ని గదులు?"

"ఒకటే. కానీ పెద్దది."

నేను రానన్నాను. ఆదివారం సాయంత్రం నాలుగింటికి అక్క ఆఖరి కచేరీ. అది అవగానే ఆరింటి బండికి ఇద్దరూ వెళ్లిపోతారు. పెట్టెలు కూడా హాలుకే తెచ్చేసుకుంటారట, ఇంటికొచ్చి వీడ్కోళ్లు చెప్పే పని లేకుండా.

కచేరీలో మొదటి సగం రొమాంటిక్, రెండో సగం ఆధునికం. కిందటిసారి జనం సంగీతం మధ్యలో వచ్చిన నిశ్శబ్దానికి చప్పట్లు కొట్టి, అసలు ముగింపుకి ఊరుకున్నారు. అందుకని హాలు కార్యదర్శి నన్ను పిలిచి, ముఖ్యమైన మాటలకి అర్థాలు చెబుతూ చిన్న కరపత్రం రాసిమ్మన్నాడు. నేను తేలిక మాటల్లోనే రాశాను. రొమాంటిక్ యుగమంటే ప్రేమకథలనుకుని వచ్చేవారికి మనవి, ఒకాయన ఒంటరిగా కొండెక్కి బాధపడతాడు, ఆ బాధ చెప్పడానికి తొంభై మంది వాద్యకారులు కావాలి. లైట్‌మోటిఫ్ అంటే మనిషి కనపడకముందే వినపడే అతని బాణీ. మా ఇంటి మెట్ల మీద ట్యూనరుగారి దగ్గు ఇందుకు ఉదాహరణ. అటోనల్ అంటే చివరికి తిరిగి చేరుకోవడానికి ఇల్లులాంటి స్వరం ఒకటి ఉండకపోవడం. మినిమలిజం అంటే ఒక్క ముక్కనే పట్టుకుని, వినేవాడు తలుపు వెతుక్కునేదాకా వాయించడం. రుబాటో అంటే ఒకచోట కాలాన్ని కాజేసి మరోచోట తిరిగి ఇవ్వడం. కాజేయడం అందరికీ వచ్చు. ఫెర్మాటా అంటే స్వరం నెత్తిన కనుబొమ్మ లాంటి గీత, దాని కింద చుక్క. అది కనబడితే ఆ స్వరాన్ని వాయించేవారికి ఇష్టమైనంతసేపు పట్టుకోవచ్చు.

కార్యదర్శి చదివి కళ్లజోడు తీశాడు. "అంతా బానే ఉందమ్మా, కాస్త వెటకారం తగ్గిస్తే..."

"అది తగ్గిస్తే అర్థాలు మిగలవు బాబూ."

అతను ట్యూనరుగారి దగ్గు ఒక్కటీ కొట్టేసి మిగతాది అచ్చు వేయించాడు.

ఇక ఆధునికమైన సగం. దాన్ని రాసినవాడు ముప్ఫై ఏళ్ల కుర్రవాడు. నల్లచొక్కా తప్ప వేసుకోడు. తన రచనలో ఏదీ ముందే నిశ్చయమై ఉండకూడదట, అంతా యాదృచ్ఛికమట. విడివిడి కాగితాలు పన్నెండు, ఒక గుడ్డసంచి. పుటలు తిప్పేమనిషి కళ్లు మూసుకుని సంచిలోంచి ఒక పుట తీసి స్టాండు మీద పెట్టాలి. అక్క దాన్ని వాయించాక మళ్లీ సంచిలో వేసి, కలిపి, ఇంకోటి తీయాలి. ఏ పుటైనా మూడోసారి వస్తే, అది వాయించడంతో రచన ముగిసినట్టు. వాయించేవారి ఊపిరి, కుర్చీ కిర్రు, గొణుగుడు, అన్నీ సంగీతంలో భాగమేనని మొదటి పేజీలో ఉంది. అందులో సంగీతం వాటా ఎంతో మాత్రం ఎక్కడా లేదు.

"ఈ రచనలో నిజమైన కర్త మీరేనమ్మా," అన్నాడు నాతో. "విధి మీ చేతిలో ఉంది."

అలాంటి మాటలు నాలాంటిదానితో అనకూడదు.

రిహార్సల్స్‌లో ఏదో ఒక పుట పదో పన్నెండో సార్లకే మూడోసారి వచ్చేసేది. పుటకి రెండేసి నిమిషాలు, మొత్తం ఇరవై పాతిక నిమిషాలు. ఐదింటికి మొదలైతే అయిదున్నరకల్లా అక్క బండికి బయల్దేరొచ్చు. నేను ఇంట్లో కూర్చుని లెక్క వేశాను. పన్నెండు పుటలూ రెండేసి సార్లు వస్తే ఇరవై నాలుగు. అంతవరకు లాగొచ్చు. ఇరవై అయిదోది ఏది తీసినా మూడోసారే అవుతుంది, ఇక ముగియకుండా ఆపేవాళ్లు లేరు. కానీ అప్పటికి అయిదూ యాభై. స్టేషనుకి అరగంట దారి.

పుటల మూలలు మడవడం మా పనిలో అందరికీ అలవాటే, వేలికి పట్టు చిక్కడానికి. నేను పన్నెండింటినీ మడిచాను. నాలుగు మూలలు, మూడు రకాల మడతలు: చిన్నది, పెద్దది, వెనక్కి తిప్పింది. నాలుగు మూళ్లు పన్నెండు. కళ్లు మూసుకున్నా వేళ్లు మూసుకోవు కదా.

ఆదివారం మొదటి సగంలో అక్క రుబాటో ఎంత బాగుందంటే జనం సరైన చోట్లే చప్పట్లు కొట్టారు. కరపత్రం మహిమ అని కార్యదర్శి అందరికీ చెప్పుకున్నాడు. రెండో సగంలో నేను కళ్లు గట్టిగా మూసుకుని సంచిలో చెయ్యి పెట్టాను. పన్నెండు పుటలు వచ్చాయి. పదిహేను వచ్చాయి. పక్కన తెర చాటున ట్యూనరుగారు పెట్టెల మధ్య నిలబడి ఉన్నారు.

పద్దెనిమిదో పుట పెడుతుంటే అక్క గొణిగింది. "ఇదింకా రెండోసారేనా?"

"రెండోసారే."

"ఏం హస్తవాసే నీది."

"విధి, అక్కా."

రెండు పుటలయ్యాక మళ్లీ, "మడతలు పెట్టావు కదూ?"

"అలవాటు."

"నాలుగు మూలలా పెట్టే అలవాటు ఎప్పట్నించి?"

నేను సంచి కలిపాను. అక్క నవ్వు ఆపుకుంటూ ఒక తప్పు స్వరం వాయించింది. అది తప్పని కుర్రవాడికి కూడా తెలియలేదు.

"ఆయన గడియారం చూసుకుంటున్నారే."

"చూసుకోనీ. చూసుకోడానికేగా కట్టుకున్నారు."

ఇరవై నాలుగోది అయిపోయింది. సంచిలో పన్నెండు పుటలూ ఉన్నాయి, అన్నీ రెండేసిసార్లు వచ్చినవే. నా చెయ్యి లోపలే ఉండిపోయింది. హాల్లో ఎవరో కుర్చీలో సర్దుకున్నారు.

"ఇక ఏది తీసినా ఆఖరిదే," అన్నాను.

"నాకు తెలుసు. మంచిది చూసి తియ్యి."

కింది ఎడమ మూల, వెనక్కి మడత. ఆ పుట చివర పది వేళ్లూ ఒక్కసారే నొక్కే ఒకే ఒక పెద్ద శ్రుతిమేళం ఉంది, దాని నెత్తిన ఫెర్మాటా. స్టాండు మీద పెట్టి, అలవాటు ప్రకారం పియానో మూత వైపు తిరిగాను. అక్కడ దుమ్ము లేదు. ట్యూనరుగారు పొద్దున్నే తుడిచేశారు, ఆయన మేలు ఎన్నటికీ మరవను. గత్యంతరం లేక అక్క చేతులు చూశాను. ఆవిడ ఆ మేళం వాయించి, శబ్దాన్ని నిలిపే పెడల్ మీంచి కాలు తీయలేదు. శబ్దం సన్నబడింది, ఇంకా సన్నబడింది, ఇక లేదనుకున్నాక కూడా ఉంది. అక్క వేళ్లు ఎత్తలేదు. తనకిష్టమైనంతసేపు పట్టుకుంది. ఎవరూ దగ్గలేదు.

తర్వాత చప్పట్లు. నేను లేవలేదు.

వెనక గదిలో గోడ గడియారం ఆరుకి మూడు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. "అయ్యో, బండి తప్పిపోయినట్టుందే," అన్నాను. గొంతులో విచారం పెట్టాలని చూశాను గానీ అది సమయానికి దొరకలేదు.

అక్క తాపీగా నీళ్లు తాగింది. "బండి ఏడున్నరకి."

"ఆరింటికన్నావు?"

"నీకు చెప్పేటప్పుడు ఆరే. నలభై ఒక్కేళ్లు పక్కన కూర్చున్నావు, నువ్వు ఏదో ఒకటి చేసి లాగుతావని నాకు తెలీదా?"

"నాకూ ఆరనే చెప్పింది," అన్నారు ట్యూనరుగారు, చెమట తుడుచుకుంటూ.

ఇంతలో కుర్రవాడు పరిగెత్తుకొచ్చాడు. కళ్లలో నీళ్లు. "అమ్మా, పన్నెండూ రెండేసిసార్లు. ఇలా జరగడానికి ఎన్ని లక్షల్లో ఒక్క అవకాశమో. యాదృచ్ఛికతకి ఇంత ఆకారం ఉంటుందని... మీరు కళ్లు మూసుకునే తీశారుగా?"

"గట్టిగా."

అతను పుటలు తీసి చూసుకున్నాడు. "మరి ఈ మడతలేమిటి?"

"పాత రొమాంటిక్ పద్ధతి, బాబూ."

జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు.

స్టేషన్లో అక్కా నేనూ పెట్టెలు కాళ్ల దగ్గర పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాం. బండి వచ్చాక, "బావగారూ, ఆ చిన్నపెట్టె ఇటివ్వండి," అన్నాను. నా నోట ఆ పిలుపు ఎన్నడూ వినలేదు కనక ఆయన కంగారుగా వెనక్కి తిరిగి చూసి, ఇంకెవరూ లేకపోయేసరికి ఇచ్చారు. దాన్ని లోపల సీటు కింద పెట్టి దిగాను.

అక్క కిటికీ దగ్గర కూర్చుంది. "పొయ్యి మీద పాలు లేవూ?"

"దించే వచ్చాను."

గార్డు జెండా ఊపాడు. నేను ప్లాట్‌ఫారం మీదే, కిటికీ పక్కన నిలబడ్డాను. అక్క నా వంక చూసి, గడ్డం కాస్త కిందికి ఊపింది.