ఎడమ వరస

రమాసుందరి గీసిన గడియారంలో తప్పేమీ లేదు. ఇది రమాసుందరి మాట. డాక్టరు గీసిచ్చిన సున్నాలో ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలన్నీ వేసింది, ఒక్కటీ మర్చిపోలేదు. కాకపోతే అన్నీ కుడివైపే వేసింది. అవన్నీ అక్కడే ఇరుక్కుని కూర్చుంటే, ఎడమవైపు సగం తెల్లగా మిగిలిపోయింది. అది చూసి పక్కనున్న కొడుకు విఠల్ మొహం పాలిపోయింది. ఆవిడకి మాత్రం ఒళ్లు మండింది.

"బళ్లో పిల్లల్ని అడిగినట్టు ఇవేం పరీక్షలండీ?"

"ఇంకొక్కటే అమ్మగారూ. వేళ్లు లెక్కపెట్టకుండా టక్కున చెప్పండి. రెండుకీ ఆరుకీ సరిగ్గా మధ్యలో ఉండే అంకె ఏది?"

"ఐదు."

విఠల్ తల దించుకున్నాడు. తండ్రి చనిపోయినప్పటి నుంచీ ఆటోనగర్‌లో మెస్సు నడుపుకొస్తున్న మనిషి ఆవిడ. నోటిలెక్కల్లో ఆవిడతో పెట్టుకుని గెలిచినవాణ్ణి అతను చూడలేదు.

డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. పక్షవాతం చేతినీ కాలినీ వదిలేసింది గానీ, మెదడులో కుడిపక్క దెబ్బ మిగిల్చి పోయింది. కళ్లు బాగానే ఉన్నాయి. ఎడమవైపు అనేది ఒకటుందన్న ధ్యాసే పోయింది. అంకెల్ని కూడా చాలామంది బుర్రలో వరసగానే పేర్చుకుంటారట, చిన్నవి ఎడమన, పెద్దవి కుడిన. ఎడమ కొస జారిపోతే మధ్య అనేది కుడికి జరుగుతుంది. అందుకే నాలుగు కాస్తా ఐదయింది.

"నా బుర్రలో వరస నా ఇష్టమొచ్చినట్టు వేసుకుంటాను, మీకేం?" అని లేచింది రమాసుందరి. లేచి వెళ్తూ తలుపు ఎడమ రెక్కకి భుజం గుద్దుకుంది. తలుపులు కూడా అడ్డదిడ్డంగా పెట్టించారని ఆ డాక్టర్ని ఇంటిదాకా తిట్టింది.

ఆవిణ్ణి అని లాభం లేదు. ఎడమవైపు చీకటిగా ఉంటే, కనబడ్డం లేదని ఒప్పుకునేదే. చీకటీ లేదు, ఖాళీ లేదు. మీ వీపు వెనకాల ఇప్పుడేం కనబడుతోందని అడిగితే మీరేం చెబుతారు? ఆవిడకి ఎడమపక్కంతా అలాగే ఉంది. అసలు లేనిదాన్ని పోగొట్టుకున్నావంటే ఎవరికైనా కోపం రాదూ?

ఆ మధ్యాహ్నం భోజనం దగ్గర ఇంకో రగడ. మెస్సులో పొయ్యి పనీ గిన్నెల పనీ చూసే అంకాలమ్మ ఆకేసి వడ్డించింది. రమాసుందరి తిని, ఖాళీ ఆకు చూపించి నిలదీసింది.

"ఏమే, జబ్బు మనిషినని సగమే పెడుతున్నావా? వంకాయ కూర ఏదీ?"

అంకాలమ్మ ఆకుని అటు కొస ఇటు తిప్పింది. మిగిలిన అన్నమూ వంకాయ కూరా ఆవిడ ముందుకొచ్చాయి.

"ఇప్పుడా వడ్డించేది?"

"ఇందాకే వడ్డించానండీ. మీరు అటేపు చెయ్యే పెట్టలేదు."

"అబద్ధాలాడకు" అంది రమాసుందరి, కూర కలుపుకుంటూ.

అదే అదను అనుకున్నాడు విఠల్. "అమ్మా, మెస్సు తీసుకుంటామని ఏలూరు రోడ్డు పార్టీ ఒకళ్లు అడుగుతున్నారు. ఇచ్చేద్దాం. నువ్వింక సుఖంగా కూర్చో."

"కూర్చుని?"

"ఏముంది, రెస్టు తీసుకోవడమే."

ఆవిడకి భయం వేసింది. పక్షవాతం వచ్చిన రోజున కూడా అంత భయం వెయ్యలేదు. పొద్దున లేచి ఎసరు పెట్టకపోతే, వచ్చినవాళ్ల ఆకు నింపకపోతే, ఆ ఇంట్లో తను ఎవరు? మూలన పెట్టి వేళకింత పడేస్తారు.

"ఒరే, రేపు మెస్సు తెరుస్తాను. నేనే వడ్డిస్తాను. ఒక్కడంటే ఒక్కడు ఆకు ముందు నుంచి ఆకలితో లేచాడా, నీ ఇష్టమొచ్చినవాడికి ఇచ్చుకో. నోరెత్తను."

"మాట మీద ఉంటావా?"

"నేనెప్పుడు తప్పానురా?"

మర్నాడు భోజనాల వేళకి మెస్సు నిండిపోయింది. ఆవిడ లేచి తిరుగుతోందని తెలిసి లేతు మిషన్లవాళ్లూ, లారీ బాడీలు కట్టేవాళ్లూ చేతుల గ్రీజు కడుక్కుని వచ్చారు. మెస్సంటే రెండు గోడల వెంబడీ రెండు వరసల బల్లలు, మధ్యలో నడవ. ఒక కొస వంటిల్లు, రెండో కొస వీధి గుమ్మం. ఆ గుమ్మంలో విఠల్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అంకాలమ్మ అన్నం, పప్పు బకెట్లు పట్టుకుని వెనక నడుస్తుంటే, రమాసుందరి గరిటె తీసుకుని వంటింటి వైపు నుంచి బయల్దేరింది.

కుడివైపు వరసలో ఆకులన్నీ నిండుతున్నాయి. ఎడమ వరసవైపు ఆవిడ తిరిగి కూడా చూడలేదు. అంకాలమ్మ చెప్పబోతే, మధ్యలో మాట్లాడొద్దని కసిరింది. అటునుంచి ఎవరో "అమ్మగారూ, పప్పండీ" అన్నారు. ఆ గొంతు ఆవిడకి కుడివైపు నుంచే వినబడింది. కుడివైపు కుర్రాడి ఆకులో ఇంకో గరిటె వేసింది. మళ్లీ పిలిచారు. మళ్లీ వాడికే వేసింది. ఆ కుర్రాడు పప్పుకుప్పకి చేతులు అడ్డం పెట్టి గోడకి జరిగిపోయాడు.

అప్పుడు ఎడమ వరస నుంచి పుల్లయ్య లేచాడు. మెస్సు పెట్టిన నాటి నుంచి తింటున్న లేతు మేస్త్రీ. తన ఆకు తెచ్చి ఆవిడ కుడిచేతి ముందు పరిచాడు. నీళ్లు చల్లి తుడుచుకున్న ఆకు, మీద మెతుకు లేదు.

"నన్నెందుకు పస్తుంచారమ్మగారూ?"

ఎప్పుడొచ్చావని అడగబోయి ఆగిపోయింది. ఆ ఆకుతో వాదించడం చేతకాలేదు. డాక్టరు అబద్ధమాడొచ్చు, కొడుకు ఆడొచ్చు. పుల్లయ్య అన్నం దగ్గర అబద్ధమాడడు.

"నా ఎడమపక్క ఇంకా ఎవరున్నారు పుల్లయ్యా?"

"వరసంతా ఉన్నామండీ."

తల అటు తిప్పాలని చూసింది. మెడ కాస్త కదిలి, పని అయిపోయినట్టు వెనక్కొచ్చేసింది. గుమ్మంలోంచి విఠల్ మెత్తగా, "అమ్మా, ఇంక చాలు. గరిటె ఇటియ్యి" అన్నాడు.

ఆవిడ ఇవ్వలేదు. పుల్లయ్య ఆకులో అన్నమూ పప్పూ వేసి, కుడి వరస వెంటే గుమ్మం దాకా వెళ్లింది. అక్కడ గోడకి చెయ్యి ఆనించి, ఒళ్లంతా కుడివైపుగా గిర్రున వెనక్కి తిప్పింది.

ఇప్పుడు ఆ వరస ఆవిడ కుడిచేతికి వచ్చింది. ఖాళీ ఆకుల ముందు చేతులు పెట్టుకుని, అంతమంది మగాళ్లు ఆవిణ్ణే చూస్తున్నారు. రమాసుందరికి కళ్లనీళ్లు తిరిగాయి. ఇంతమందిని ఎదురుగా కూర్చోబెట్టి లేరనుకున్నాను కదా, అనుకుంది.

"ఉన్నారు" అంది పైకే. "అంకాలమ్మా, పట్టు బకెట్లు."

పోతూ ఒక వరస, వస్తూ ఒక వరస. కూరా, సాంబారూ, పెరుగూ అన్నీ అలాగే వడ్డించింది. ఒక్క ఆకూ తప్పలేదు. చివరికి గరిటె కడిగి, గుమ్మంలో ఉన్న కొడుకు ముందుకొచ్చింది.

"పుల్లయ్య ఆకలితో లేచాడమ్మా" అన్నాడు విఠల్. "మన పందెం."

"లేచాడు."

"ఓడిపోయినట్టేగా?"

"ఓడిపోయాను. మాట కూడా తప్పుతున్నాను. మెస్సు ఇవ్వను, ఏం చేసుకుంటావో చేసుకో." ఆకొకటి తీసి అతని చేతిలో పెట్టింది. "ఎటు కూర్చుంటావో కూర్చో. తిరిగొచ్చి వడ్డిస్తాను."

విఠల్ చెప్పులు గుమ్మంలో విడిచాడు. తర్వాత వెళ్లి ఎడమ వరసలో కూర్చుని, ఆకు మీద నీళ్లు చల్లుకున్నాడు.