కిటికీ లేని కేబిన్

ఓడకు ప్రమాదం వస్తే ఈల ఆగకుండా మోగుతుందట, అప్పుడు అందరం పరుగున ఈ డెక్ మీదికే రావాలట, ఈ నారింజ రంగు జాకెట్ మెడలోంచి వేసుకుని నడుము దగ్గర పట్టీ బిగించుకోవాలట, తెల్ల యూనిఫాం అమ్మాయి నవ్వుతూ అన్నీ చూపిస్తోంది, ఠీక్ హై నా మేడమ్ అంటూ నా పట్టీని తనే ఇంకొంచెం లాగింది, ఎడమ పక్కటెముకల దగ్గర నొప్పి గొంతుదాకా లేచి వచ్చింది, నేను నవ్వాను, ఎముక విరిగిందో లేదో చూపించుకోలేదు, చూపించుకుంటే డాక్టరు ఎట్లా తగిలిందని అడుగుతాడు, సంగారెడ్డిలో జయశీల టీచర్ అంటే తెలియనివాళ్లు తక్కువ, ఆ డాక్టరు తమ్ముడే నా దగ్గర ఐదో తరగతి చదివాడు, అందుకే వెళ్లలేదు, తన్నినవాడు నా పక్కనే నిలబడి జాకెట్ పట్టీ పడక విసుక్కుంటున్నాడు, విక్టర్, నా కొడుకు, ఇరవై ఎనిమిదేళ్లవాడు, వాళ్ల నాన్న భుజాలు, వాళ్ల నాన్న ముక్కు, ఆ చేతులు మాత్రం ఎవరివో నాకు తెలియదు, నా భర్త సొలొమోను బతికున్నన్నాళ్లూ నా మీద గొంతు కూడా పెంచలేదు, చర్చిలో పాటయినా అందరికంటే మెల్లగా పాడేవాడు, మరి వీడికి ఇది ఎక్కడిది, ఎన్నిసార్లు వెతికానో, కంపెనీలో పీల్చిన మందుల గాలి అనుకున్నాను, తండ్రి పోయిన దుఃఖం అనుకున్నాను, నిద్రలేని షిఫ్టులు అనుకున్నాను, ఏ కారణమూ వాడి చేతికి సరిపోలేదు, మమ్మీ ఇటు సూడు, విక్టర్ నువ్వు గూడ జెర నవ్వురా అని ఏంజెలిన్ ఫోను పైకెత్తింది, అది నా పెద్ద పిల్ల, కందిలో కాలేజీ క్యాంపస్ ఆఫీసులో ఉద్యోగం, అక్కడే క్వార్టర్‌లో ఉంటుంది, ఆదివారం చర్చికి మాత్రం మా దగ్గరికి వస్తుంది, ఆదివారం విక్టర్ బంగారం, కుర్చీలు మోస్తాడు, అక్కకు బిర్యానీ తెస్తాడు, దానికేం తెలుసు, నువ్వు రిటైర్ అయినంక నిన్ను సముద్రం మీదికి తీస్కపోత అని ఎప్పుడో అన్న మాట పట్టుకుని విశాఖలో ఎక్కించింది, చెన్నైలో దిగాలి, వద్దు బిడ్డా అంటే ఎందుకు వద్దు అని అడుగుతుంది, అందుకే సరే అన్నాను.

కిటికీ ఉన్నయి అయిపోయినయ్ మమ్మీ అంది ఏంజెలిన్ కేబిన్ తలుపు తీస్తూ, నాలుగు గోడలు, రెండు మంచాలు, గోడకు మడిచి పెట్టిన మూడో మంచం, దుప్పటి మీద తువ్వాలుతో చేసిన తెల్ల ఏనుగు, మనం వదిలితే చాలు తలుపు దానంతట అదే మూసుకుంటుంది, ఆ మూసుకునే చప్పుడు నాకు నచ్చలేదు, మా ఇంట్లో గోడ అవతల మొగులమ్మ ఉంటుంది, గిన్నె పడిన చప్పుడైతే చాలు, టీచరమ్మా ఏం సప్పుడే అది అని అరుస్తుంది, ఆ అరుపుకు విక్టర్ చెయ్యి గాలిలో ఆగుతుంది, ప్రతిసారీ ఆగదు, ఒక్కోసారి ఆగుతుంది, ఇక్కడ గోడ అవతల ఎవరున్నారో, ఉన్నా వినపడుతుందా, కింద ఇంజను ఒకటే హోరు, పైన పాటలు, నేను మొదట చూసింది మంచాన్ని కాదు, బీరువా అంచుని, అది ఎంత పదునుగా ఉందో చూశాను, బాత్‌రూమ్ తలుపుకు లోపల గడియ ఉందో లేదో చూశాను, ఉంది, ఎట్లుంది మమ్మీ అని ఏంజెలిన్ అడిగింది, మస్తుంది బిడ్డా అన్నాను.

భోజనాల హాలు ఒక ఊరంత ఉంది, ఒక వైపు ఇడ్లీ సాంబారు, ఒక వైపు నూడిల్స్, జైనులకు వేరే బల్ల, ఎవరో పెద్దావిడ ఇంటి నుంచి తెచ్చుకున్న పచ్చడి సీసా తీసి అందరికీ పెడుతోంది, మా బల్ల దగ్గరికి పటాన్‌చెరు నుంచి వచ్చిన భార్యాభర్తలు వచ్చి కూర్చున్నారు, రాజారావు, సుమిత్ర, మనోళ్లే అని సంతోషపడిపోయారు, ఏం చేస్తవ్ బాబూ అని రాజారావు అడిగాడు, విక్టర్ నోరు తెరిచేలోపు నేనే చెప్పేశాను, కాజీపల్లిల మందుల కంపెనీల కెమిస్టుగ ఉండె, ఇప్పుడు ఇంటికాడనే ఉంటుండు, జెర రెస్టు తీసుకుంటుండు అని, ఆ మాట అంటుండగానే తప్పు అన్నానని తెలిసింది, విక్టర్ చేతిలో ఫోర్కు ఆగింది, వాడు రెస్టు తీసుకోవడం లేదు, ప్లాంటులో ఒక బీహారు హెల్పర్‌ను ఇనుప రాడ్‌తో కొట్టాడు, డ్రమ్ము ఆలస్యంగా దొర్లించాడని, దవడ విరిగింది, వీణ్ని తీసేశారు, నేను కాజీపల్లిలో వాళ్ల గదికి వెళ్లాను, రేకుల గది, ఆ హెల్పర్ భార్య గంజి చల్లార్చి చెంచాతో పెదవుల మధ్య నుంచి పోస్తోంది, నా వైపు చూసి మీరు ఎవరు అని కూడా అడగలేదు, అడిగితే ఏం చెప్పేదాన్నో, రెస్టు మంచిదే బాబూ అంటున్నాడు రాజారావు, అవునంకుల్ అని విక్టర్ నవ్వాడు, అదే సమయంలో బల్ల కింద వాడి బూటు నా పాదం మీదికి వచ్చింది, మడమ వేళ్ల మీద పెట్టి నొక్కాడు, మెల్లగా, బరువంతా దించుతూ, సుమిత్ర నన్ను మీది ఏ చర్చి అండీ అని అడిగింది, చెప్పాను, పాస్టరు గారి పేరు కూడా చెప్పాను, బొటనవేలి గోరు దగ్గర ఏదో తెగింది, గులాబ్ జామూన్ తిను మమ్మీ మంచిగున్నది అని ఏంజెలిన్ గిన్నె నా ముందుకు జరిపింది, తిన్నాను, తీపి తెలియలేదు, రాజారావు దంపతులు లేచేదాకా ఆ బూటు తీయలేదు.

తర్వాత పై డెక్ మీద ఎండ, గాలి, ఈత కొలను చుట్టూ పిల్లల కేకలు, ఎవరో మైకు పట్టుకుని అందరినీ నాట్యానికి పిలుస్తున్నాడు, గుజరాతీ ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతున్నారు, వాళ్ల మధ్య నా ఏంజెలిన్ చేతులు పైకెత్తి అడుగులు తప్పుతూ నవ్వుతోంది, విక్టర్ కొంచెం దూరంలో రెయిలింగ్ మీద బాగా వంగి కిందికి చూస్తున్నాడు, కింద నీళ్లు తెల్లగా చీలిపోతున్నాయి, ఎంత వంగాడో, పాదాల మడమలు లేచాయి, ఒక్క తోపు చాలు, భుజాల మధ్య రెండు అరచేతులు పెట్టి ఒక్క తోపు, పాటల్లో ఎవరికీ వినపడదు, అంత ఎత్తు నుంచి మనిషి పడితే నీళ్లు గోడలాగా తగులుతాయంటారు, తలే ముందు తగులుతుంది, నేను ఆ తల తగలడం చూశాను, మెడ పక్కకు తిరగడం చూశాను, తెల్ల నురగలో ఎరుపు ఎట్లా కలుస్తుందో చూశాను, చూసి హాయిగా ఊపిరి వదిలాను, వదిలాక భయపడ్డాను, ప్రభువా ఇది నా బుర్రలోంచేనా, వీడికి ఉగ్గుపాలు పోసిన చేతులు, టైఫాయిడ్ వస్తే రాత్రుళ్లు వాడి నుదుటి మీద తడిగుడ్డ మార్చిన చేతులు, వాటిని కొంగులో చుట్టుకుని కుర్చీలో కూర్చున్నాను, అన్నా జర పీఛే అని ఓడ మనిషి ఒకతను విక్టర్‌ను వెనక్కి రమ్మన్నాడు, వాడు వెనక్కి వచ్చాడు, నా మనసులో మాత్రం పడుతూనే ఉన్నాడు.

సాయంత్రం మ్యాజిక్ షో ఉంది, ముందల సీట్లు పట్టుకుంట, నువ్వు చీర మార్చుకొని రా మమ్మీ అని ఏంజెలిన్ వెళ్లింది, నేను కేబిన్‌లోకి వచ్చాను, తలుపు మూసుకోబోతుంటే మధ్యలో ఒక చెయ్యి అడ్డం పడింది, విక్టర్ లోపలికి వచ్చాడు, తలుపు మూసుకుంది, ఎవలడిగిన్రే నిన్ను అన్నాడు, గొంతు పెంచలేదు, పెంచకపోవడమే నాకు తెలిసిన గుర్తు, రెస్టు తీసుకుంటుండా, నా ఇజ్జత్ తీసుడే నీ పనా, లేదు బిడ్డా ఊకె మాటకు అన్న, అనేలోపు నా జుట్టు వాడి పిడికిట్లో ఉంది, బీరువా అంచు నేను అనుకున్నంత పదునుగానే ఉంది, ఒకసారి, మళ్లీ ఒకసారి, కళ్ల ముందు నల్లగా, మళ్లీ వెలుతురు, మంచం మీది తువ్వాలు ఏనుగు కింద పడింది, నొప్పి ఉన్న పక్కటెముకల వైపే మోకాలుతో పొడిచాడు, వాడికి ఆ వైపు గుర్తుంది, ఊపిరి లోపలికి రాలేదు, నేను అరవలేదు, అరవకపోవడం నాకు అలవాటు, వాడు మెడ పట్టుకుని గోడకు నొక్కుతూ సెప్పు, ఇంకెవలకు సెప్పినవ్, అక్కకు సెప్పినవా అంటున్నాడు, అంతలో తాళం కార్డు కీచుమంది, తలుపు తెరుచుకుంది, ఏంజెలిన్ ఫోను చార్జరు కోసం వచ్చింది, దాని ముఖం మీద నవ్వు ఇంకా పోలేదు, ఏం జేస్తున్నవ్ రా అని అది పరిగెత్తి వచ్చి వాడి చెయ్యి లాగింది, వాడు తిరిగి చూడకుండానే వెనుక చేత్తో కొట్టాడు, దాని పెదవి పళ్ల మీద చితికిన చప్పుడు నేను విన్నాను, అది మంచం కోడు మీద పడి కిందికి జారింది, విక్టర్ దాని వైపు తిరిగి కాలు లేపాడు, ఆ కాలు నాకు తెలుసు, అది ఎక్కడ పడుతుందో, ఎంత లోపలికి దిగుతుందో నా ఒంటికి తెలుసు, ఆ కాలు నా బిడ్డ కడుపు మీద, బల్ల మీద నీళ్ల స్టీలు బాటిల్ ఉంది, నిండుగా ఉంది, నా చెయ్యి దాన్ని ఎప్పుడు తీసిందో, వాడి చెవి వెనుక పడింది, పచ్చి కొబ్బరికాయ మీద కొట్టినట్టు మొద్దుగా ఒక చప్పుడు, వాడు నేల మీద కూలబడ్డాడు, చెయ్యి వెనక్కి పెట్టుకుని చూసుకున్నాడు, వేళ్ల నిండా రక్తం, మమ్మీ అన్నాడు, చిన్నప్పుడు మోకాలు కొట్టుకుపోతే పిలిచినట్టే, మమ్మీ, అది విని కూడా నా చెయ్యి మళ్లీ పైకి లేచింది, ఈసారి ఎక్కడ కొట్టాలో చూసుకుంది, కణత మీద, కంటికి పక్కన, చెయ్యంతా వేడిగా, ఒంటి నొప్పంతా పోయి ఎప్పుడూ లేనంత బలంగా, ఏంజెలిన్ లేచి రెండు చేతులతో నా ముంజేతిని పట్టుకుని వేలాడింది, సాలు మమ్మీ, సచ్చిపోతడు, సాలు, దాని పెదవి నుంచి రక్తం నా రవిక చేతి మీద కారుతోంది, బాటిల్ దించడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఏంజెలిన్ కేబిన్ ఫోనులో పిలిస్తే ఇద్దరు సెక్యూరిటీ వాళ్లు వచ్చారు, ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, కింద ఆసుపత్రి గదిలో విక్టర్‌కు కుట్లు వేశారు, ఆడ సెక్యూరిటీ నోరున్న మనిషిలా ఉంది, అయినా మెల్లగానే అడిగింది, ఏం జరిగింది సార్ అని, విక్టర్ నేల వైపు చూస్తూ బాత్‌రూమ్‌లో జారిపడ్డాను అని హిందీలో చెప్పాడు, నాకు నవ్వు వచ్చినంత పనైంది, ఆ మాట నాది, హెడ్‌మిస్ట్రెస్‌కు అదే చెప్పాను, పాస్టరమ్మకు అదే చెప్పాను, మొగులమ్మకు కూడా చెప్పి ఆమె నమ్మనట్టు చూస్తే మొహం తిప్పుకున్నాను, నేను భయపడి చెప్పేదాన్ని, ఇప్పుడు వీడు భయపడ్డాడు, నా భయాన్ని వీడి నోట్లో చూస్తే అది ఎంత చిన్నగా, ఎంత పనికిమాలినదిగా ఉందో, గిరా నై మేడమ్, మైఁ మారీ అన్నాను, పడలేదు, నేనే కొట్టాను, వీడు నన్ను కొడతాడు, చాలా కాలంగా కొడుతున్నాడు, ఇవాళ నా బిడ్డను కొట్టాడు, మీరు రాసుకోండి, నా పేరు కూడా రాసుకోండి, ఆమె రాసుకుంది, విక్టర్ తలెత్తి నన్ను చూశాడు, నేను చూపు తిప్పుకోలేదు, చెన్నైలో దిగేదాకా వాడిని వేరే గదిలో ఉంచుతామని, దిగాక పోలీసులకు అప్పగిస్తామని, మిమ్మల్ని కూడా అడుగుతారని చెప్పింది, అడగనీయండి అన్నాను.

ఇప్పుడు ఏంజెలినూ నేనూ డెక్ మీద పక్క పక్క కుర్చీల్లో, అది ఐసు ముక్కలు చుట్టిన గుడ్డ పెదవికి పెట్టుకుంది, సూర్యుడు ఇంకా నీళ్ల మీదే ఉన్నాడు, ఎవరో పిల్లలు ఐస్‌క్రీమ్ కోసం గొడవ పడుతున్నారు, రాజారావు దంపతులు దూరం నుంచి చూసి ఇటు రావాలా వద్దా అని ఆగిపోయారు, ఎన్నేండ్ల సంది మమ్మీ అని ఏంజెలిన్ అడిగింది, పెదవి వాచి మాట సరిగా రావడం లేదు, మీ డాడీ పోయిన సంది అన్నాను, నాకెందుకు సెప్పలే, ఆదివారం నువ్వొస్తే ఇల్లు మంచిగుంటుండె బిడ్డా, అది గూడ పోతదని సెప్పలే, ఏంజెలిన్ నా ముడుచుకున్న వేళ్లను ఒక్కొక్కటే విప్పి తన చేతిలో పెట్టుకుంది, ఆడ సెక్యూరిటీ మళ్లీ వచ్చింది, మేడమ్, ఆయన ఏడుస్తున్నారు, మమ్మీని ఒక్కసారి చూస్తానంటున్నారు, తప్పు అయింది అని చెప్పమన్నారు, మీ ఇష్టం అంది, నేను లేచాను, లేవాలని అనుకోకుండానే లేచాను, ప్రతిసారీ అంతే, కొట్టాక ఏడుస్తాడు, నేను వెళ్లి తల నిమురుతాను, మళ్లీ అన్నం పెడతాను, దానికి క్షమించడం అని పేరు పెట్టుకున్నాను, చర్చిలో ఆ మాట మీద సాక్ష్యం కూడా చెప్పాను, నాలుగు అడుగులు వేశాను, కుడి చెయ్యి బిగుసుకుంది, చూసుకున్నాను, వేళ్లు ఖాళీగా ఉన్నా బాటిల్ పట్టుకున్నట్టే ముడుచుకున్నాయి, ఏంజెలిన్ ఆపిన ఆ రెండో దెబ్బ ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది, నేను ఇన్నేళ్లూ ఏదీ క్షమించలేదు, ఒక్కొక్క దెబ్బా ఒంట్లో దాచుకున్నాను, అన్నీ ఉన్నాయి, ఏదీ అరగలేదు, వాడి ఏడుపు నిజమే కావచ్చు, వాడి మీద నా ప్రాణం ఉన్న మాటా నిజమే, కానీ మళ్లీ ఒక ఇంట్లో ఉంటే వాడు నన్ను చంపుతాడు, లేకపోతే నేను వాణ్ని చంపుతాను, వాడికి తల్లిగా ఉండాలంటే వాడు ఉన్న ఇంట్లో నేను ఉండకూడదు, ఇంత చిన్న విషయం, రానని చెప్పండి మేడమ్ అన్నాను, ఇంటికి కూడా రావద్దని చెప్పండి, అని వచ్చి నా బిడ్డ పక్కన కూర్చున్నాను.