జయకర్ ఫోన్ కనెక్ట్ అయింది

మా ఆయన జయకర్ చనిపోయినప్పుడు అతని ఫోన్‌ని అతనితోపాటే పెట్టెలో పెట్టింది మా అత్త గ్రేసమ్మ. మా వాళ్ళలో పెట్టె మూసేముందు బైబిలో, కళ్ళజోడో, పోయినవాళ్ళు చేతిలోంచి వదలనిదేదో పక్కన పెడతారు. మామగారికి పొడుం డబ్బా పెట్టారట. జయకర్ వదలనిది ఫోనే. దాన్ని ఆపి పెట్టాలని ఆవిడకు తట్టలేదు. నాకప్పుడు ఒంటిమీద స్పృహే లేదు. అలా వెలుగుతున్న ఫోన్ చొక్కా జేబులో పెట్టుకుని మట్టిలోకి పోయాడు మా ఆయన.

రొంపిచెర్లలో మా పెరటి గోడ దాటితే చర్చివాళ్ళ సమాధుల తోటే. ఇళ్ళకి ఇంటర్నెట్ తీగలు లాగడం జయకర్ పని. మా వీధిలో టవర్ సిగ్నల్ ఒక్క గీత వస్తే గొప్ప. అందుకే ఇంట్లో పెద్ద రౌటర్ పెట్టాడు. "గేటు దగ్గరికి రాగానే ఫోన్ దానంతటదే టవర్ని వదిలేసి మన వైఫైలోకి వచ్చేసిద్ది, చూస్కో" అని గొప్పలు పోయేవాడు. ఎవరి ఫోన్ వచ్చి కలిసినా నా ఫోన్ టింగుమనేలా కూడా పెట్టాడు. ఆయన ఏ వేళకి ఇల్లు చేరతాడో దేవుడికే ఎరుక గానీ, ఎప్పుడొచ్చినా ముందు నా ఫోన్‌లో కనిపించేది: 'జయకర్ ఫోన్ కనెక్ట్ అయింది'.

భూస్థాపన జరిగిన మర్నాడు సాయంత్రం, నేను పొయ్యి వెలిగిస్తుంటే టింగుమంది.

నా చేతిలో అగ్గిపెట్టె జారిపోయింది. దావూద్‌ని పిలిపించాను. మా ఆయన దగ్గర పని నేర్చుకుని, ఇప్పుడా పనంతా తనే చూసుకుంటున్నాడు.

"మట్టికింద టవర్ అందదు గదా వదినా. దగ్గర్లో ఉన్న మన వైఫైని పట్టుకుంటది. చార్జింగ్ అయిపోతే అదే ఆగిద్ది" అన్నాడు.

సరేలే అనుకుని కడుపారా ఏడ్చాను.

ఆగలేదు. జ్ఞాపకార్థ కూడిక అయిపోయింది. సిమ్ గడువు తీరి ఆ నంబరు పనిచెయ్యడం మానేసింది. పత్తి తీతలు కూడా మొదలయ్యాయి. ఏ ఫోన్‌కి అంత చార్జింగ్ ఉంటుంది చెప్పండి? పొయ్యి వెలిగించే వేళకి రావడం, కోడి కూసే వేళకి పోవడం. బతికున్నప్పుడు ఏనాడూ వేళకి రాని మనిషి, ఇప్పుడెంత బుద్ధిమంతుడయ్యాడో! పాస్టరు అయ్యగారు వచ్చి ప్రార్థన చేశారు. ఆయన ఆమెన్ అంటుండగానే టింగుమంది.

నాకు భయం వేసింది, కాదనను. కానీ భయం కంటే కోపం ఎక్కువ. ఎందుకంటే మా అత్త ఆ చప్పుడు వినగానే కొడుక్కి కంచంలో అన్నం పెట్టి, నీళ్ళ చెంబు పెట్టి ఎదురుగా కూర్చుంటుంది. అతను వెళ్ళిపోయేదాకా తను మెతుకు ముట్టదు. అసలే షుగర్ మనిషి.

"తినత్తా, నీ కాళ్ళు పట్టుకుంటా" అంటే, "కొడుకు తినకుండా నాకెట్టా దిగిద్దే?" అనేది.

ఒకరోజు కళ్ళు తిరిగి గడపలో పడిపోయింది. ఇలాగే పస్తులుంటే మనిషి దక్కదని నరసరావుపేట డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. నాకు అమ్మానాన్నా లేరు, పిల్లలూ లేరు. తిట్టడానికైనా ఆవిడ ఒక్కతే మిగిలింది. ఆవిడని కూడా మట్టికివ్వడం నా వల్ల కాదు.

"ఆ ఫోన్ని బ్లాక్ చేసేద్దాం వదినా. మామూలుగా అయితే వైఫైలోంచి గెంటేస్తే ఫోన్ మళ్ళీ టవర్ మీదికి పోద్ది. అన్నకి సిమ్మే లేదు గదా, ఇంక పొయ్యేదానికి చోటే ఉండదు" అన్నాడు దావూద్. ఆ మాట అన్నాక వాడి మొహం పాలిపోయింది. "నువ్వే నొక్కు వదినా, నాకు చెయ్యి రావట్లా."

నొక్కాను.

ఆ సాయంత్రం చప్పుడు లేదు. మా అత్త కంచం ముందు పెట్టుకుని నా ఫోన్ వైపే చూస్తోంది.

"ఏందే, ఇంకా రాలా?"

"రాడత్తా. ఆయన్ని నిద్రపోనియ్యి. నువ్వు తిను."

గోంగూర పచ్చడి కలిపి ముద్ద నోటి దగ్గర పెట్టాను. ఏమనుకుందో, నోరు తెరిచింది. కళ్ళు తుడుచుకుంటూ ముద్ద తర్వాత ముద్ద తింది. హమ్మయ్య, మనిషి దక్కింది అనుకున్నాను. ఎన్నాళ్ళకో నాక్కూడా ఆకలేసింది.

అప్పుడు ఆవిడ బొడ్లో దోపుకున్న బటన్ల ఫోన్ మోగింది. ఆ డొక్కు ఫోన్‌కి వైఫై అంటే ఏమిటో తెలియదు. టవర్ మీదే బతుకుతుంది. ఇంట్లో ఎప్పుడూ మోగి ఎరగదు, మాట్లాడాలంటే డాబా ఎక్కాల్సిందే.

మా అత్త ఎడమచేత్తో తీసి చెవికి పెట్టుకుంది. నాకేమీ వినపడలేదు. ఆవిడ మాత్రం చాలాసేపు విన్నది.

"ఎంతసేపట్నించి నిలబడ్డావ్ నాయనా?" అంది ఫోన్లో. తర్వాత నావైపు తిరిగింది. "ఏమే ఏంజెలూ, వాణ్ణి వాడింట్లోకి రానియ్యకుండా చేసింది నువ్వేనంటగా?"

సగం తిన్న కంచంలోనే చెయ్యి కడిగేసింది. లేచి పెరటి తలుపు వైపు నడిచింది. నేను పరిగెత్తి అడ్డం నిలబడ్డాను.

"తప్పుకో. వాడు రాలేకపోతే నేనే పోతా."

అన్నంత పనీ చేస్తుందని ఆ కళ్ళు చూస్తేనే తెలిసింది. నేను తప్పుకోలేదు. ఫోన్ తీసి, బ్లాక్ తీసేశాను.

"రా జయకర్" అన్నాను గట్టిగా. "వచ్చి మీ అమ్మకి నువ్వే తినిపించు."