అద్దాల బీరువాలో ఎముకల పెట్టె

నేను ఒక ఎముకల పెట్టెను. ఉలిక్కిపడకండి! డాక్టరు చదువు మొదటి ఏడాదిలో ఎముకలు చేత్తో పట్టుకుని చదవనిదే గట్టెక్కరు. ఆసుపత్రి వడ్రంగి ఒకాయన మంచాలకు పోను మిగిలిన టేకు చెక్కతో నన్ను చేసి, ఇత్తడి గొళ్లెం పెట్టాడు. తాళం పెట్టలేదు. మా కాలేజీలో ఆనవాయితీ ఏమిటంటే, సీనియరు పెట్టెను ఎముకలతో సహా జూనియరుకు అప్పగిస్తుంది, జూనియరు నా మూత లోపల పేరు చెక్కుకుంటుంది. అలా మొన్నటిదాకా అరవై పేర్లు పడ్డాయి. ఆరో పేరు సువార్త.

సువార్త తల్లి అదే ఆసుపత్రిలో ఆయా. ఎముకలు కొనే తాహతు లేదు, హాస్టల్లో చోటూ దొరకలేదు. కాత్యాయని అనే సీనియరు నన్ను ఆమె చేతిలో పెట్టి, తన గదిలోనే చాప వేసింది. "నాకేమీ ఇవ్వక్కర్లేదే, నీలాంటిదానికి ఇయ్యి చాలు" అంది. సువార్త ఆ మాట మరిచిపోలేదు. ఊళ్లోనే ప్రాక్టీసు పెట్టి, ఏటా నన్ను తిరిగి తీసుకుని మరో లేనింటి పిల్లకు ఇస్తూ వచ్చింది.

డెబ్బై ఎనిమిదో ఏట కాలు విరిగాక ఆవిడకు బెంగ పట్టుకుంది, తన తర్వాత ఎవరిస్తారని. వీలునామా రాసింది. తన మరణానంతరం ఇల్లు కాలేజీకి చెందాలి, చోటు దొరకని ఆడపిల్లలు అందులో ఉండి చదువుకోవాలి, ఈలోగా పెట్టెను ఏటా ఒకరికి ఇవ్వాలి. దాని నకలుతోపాటు నన్నూ తన కాంపౌండరు చేత కాలేజీ ఆఫీసుకు పంపింది.

ఆఫీసులో 'మరణానంతరం' అన్న మాట దగ్గరే చదవడం ఆపేశారు, మహానుభావులు! సంతాప సభ పెట్టి, రెండు నిమిషాలు మౌనం పాటించి, టీ తాగి వెళ్లారు. ఆవిడ ఫోటోకు గంధపు చెక్కల దండ వేసి, 'కీ.శే. డాక్టర్ సువార్త' అని రాసి, పక్కన నన్ను అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. మూడేళ్లు! ఎదురుగా పిల్లలు ఎముకల కోసం ఒకరినొకరు బతిమాలుకుంటూ పోతుంటే నాకు ఒళ్లు మండిపోయేది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే కాబోలు.

చివరికి ఆవిడే చేతికర్రతో వచ్చింది. ఆఫీసు సూపరింటెండెంటు వీరభద్రయ్య ఫోటో వంకా ఆవిడ వంకా చూసి లేచి నిలబడ్డాడు.

"మూడు ఉత్తరాలు రాశాను కదయ్యా, జవాబేది?"

"వచ్చాయండీ. పోయినవాళ్ల ఉత్తరాలకు జవాబిచ్చే పద్ధతి మా దగ్గర లేదండీ. ఎవరో ఆకతాయి పని అనుకున్నాం."

"సరే, పెట్టె బయటికి తియ్యి."

"దాత అనుమతి కాగితం కావాలండీ."

"దాతను నేనే!"

"నిజమేనండీ. కానీ రికార్డు ప్రకారం తమరు లేరు కదండీ."

ఆవిడ కుర్చీలో కూలబడింది. కోపం కన్నా భయం ఎక్కువగా కనిపించింది ఆ ముఖంలో. "పెట్టెకే ఈ గతి పట్టించారు. రేపు నా ఇంటికీ ఇంత దండ వేసి తాళం పెడతారు కదూ?" అంది. వీరభద్రయ్య సొరుగు లాగాడు. బీరువా తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

ఆవిడే తాళం తీసి నన్ను చంకనెత్తుకుంది. "రిజిస్టరు తెరువు. కీర్తిశేషురాలు స్వయంగా వచ్చి పెట్టె ఎత్తుకుపోయిందని రాసుకో" అంది. రాసుకున్నాడు కూడా.

ఆ వారమే వీలునామాలో ఒక వాక్యం చేర్చింది: ఇంటి తాళంచెవి ఆఫీసులో ఉండరాదు, ఆ ఇంట్లో చదువుకునే పిల్లల దగ్గరే ఉండాలి. ఫోటోకు దండ మాత్రం అలాగే ఉంది, తీయడానికి పైనుంచి ఆర్డరు రావాలట.

ఇప్పుడు నేను మొదటి ఏడాది చదివే రమీజా మంచం కింద ఉంటున్నాను. నిన్న నా మూతలో అరవై ఒకటో పేరు చెక్కింది. చెయ్యి కొత్త, అక్షరాలు వంకరగా పడ్డాయి. సువార్త వేలితో తడిమి చూసి, "నాదీ ఇలాగే పడింది" అంది.