చైయున్ తర్వాతి పేరు

మాంగ్ వాళ్లింటికి నేను ఇల్లరికం వచ్చి నలభై రెండేళ్లు. ఇంటిపేరు మార్చుకున్నానని మా నాన్న చచ్చేదాకా నాతో మాట్లాడలేదు. మా ఆవిడ చైయున్ పోయి మూడేళ్లయింది. పిల్లల్లేరు. ఒక్కడి కోసం పొయ్యి వెలిగించుకోవడమంత దరిద్రం ఇంకోటి లేదు.

నాకు మిగిలింది ఒక్కటే. చింగ్‌మింగ్ పండుగనాడు కొండమీద సమాధుల ముందు పైన్ ఆకులు పరిచి, కోడిని కోసి, మాంగ్‌లకు మూలమైన యెలూ వంశపు పెద్దల పేర్లు గట్టిగా చదివేది నేనే. ఏడొందల ఏళ్ల కింద చైనా ఉత్తరాది నుంచి సైన్యంతో దిగిన ఖితాన్ల సంతతి మేమని ఊరికి మహా గొప్ప. మామగారు పోయేముందు ఆ పేర్లున్న కాగితం నా చేతిలో పెట్టారు. అందులో ఇప్పుడు చివరి పేరు చైయున్‌ది. దానికింద ఏదో ఒకరోజు నా పేరూ చదువుతారని ఆశ. అంతకుమించి నేనేమీ కోరలేదు.

నిరుడు చలికాలంలో యూనివర్సిటీ నుంచి ఒక పిల్ల వచ్చింది. ఖితాన్ రక్తం ఎవరిలో ఉందో తేలుస్తుందట. చెంప లోపల దూదిపుల్లతో గీకి గొట్టంలో వేసుకుంటోంది. మగవాళ్లంతా వరసలో నిలబడ్డారు.

కులపెద్ద తింగ్‌షియు నన్ను ముందుకు తోశాడు. "వీడితో మొదలెట్టమ్మా! మా తాతలందరూ వీడి నాలిక మీదే ఉంటారు. వీణ్ణి మించిన ఖితాన్ ఎవడున్నాడిక్కడ?"

అందరూ అవునన్నారు. నేను పరాయివాణ్ణని ఒక్కడికీ గుర్తులేదు! అబ్బ, ఎంత సంతోషమేసిందో. నోరు తెరిచాను కూడా. పుల్ల పెదవి దాకా వచ్చింది. కానీ నా రక్తం మామగారి వంశం లెక్కలోకి ఎక్కితే ఆయనకు ద్రోహమే కదా. మనసొప్పలేదు.

"నేను ఇల్లరికపుటల్లుణ్ణమ్మా," అన్నాను.

"అయ్యో, అయితే మీది పనికిరాదు తాతా," అని ఆ పిల్ల పుల్ల పారేసింది.

"అరె, నిజమే కదూ!" తింగ్‌షియు తొడ చరుచుకుని నవ్వాడు. "మర్చేపోయాను చూడు. ఇన్నేళ్లూ మమ్మల్ని బాగానే బోల్తా కొట్టించావురోయ్!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఖితాన్ రక్తమేనని ఫలితాలొచ్చాయి, ఊరంతా సంబరం. ఈసారి చింగ్‌మింగ్‌కి నా దగ్గరున్న కాగితం తీసుకెళ్లి, కున్‌మింగ్ పట్నంలో లారీ నడిపే మాంగ్‌ల కుర్రాడు జిహాయ్ చేతికిచ్చారు. "అసలు రక్తం ఉన్నవాడు చదవాలి కదా, నువ్వేమీ అనుకోకు," అన్నాడు తింగ్‌షియు. అనుకోకుండా ఎలా ఉంటాను?

ఆ పాతకాలపు చేతిరాత జిహాయ్‌కి కొరుకుడు పడలేదు. నేను వెనక నిలబడి ఒక్కో పేరూ మెల్లగా అందిస్తుంటే వాడు గట్టిగా అరిచాడు. చివరికి చైయున్ పేరు అందించాను.

వాడు ఆగాడు. "ఈవిడెవరు?"

"మనమ్మాయేరా, చదువు," అన్నాడు తింగ్‌షియు.

చదివాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"తర్వాత?" అంటూ జిహాయ్ నా వైపు తిరిగాడు.

"అంతే నాయనా," అన్నాను.